వేరుశెనగ గింజ పొలమారి తగ్గిపోయింది, ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు: అయినా బ్రాంకోస్కోపీ చేయించాలా?

ప్రశ్న: కదిరి నాన్న

మాది శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి దగ్గర ఒక పల్లె. మా బాబుకు ఇంకా రెండేళ్లు నిండలేదు. కిందటి వారం ఇంట్లో ఆడవాళ్లందరూ విత్తనం కోసం వేరుశెనగ కాయలు ఒలుస్తుండగా, వారి మధ్య ఆడుకుంటున్న వాడు కొన్ని గింజలు నోట్లో వేసుకున్నాడు. అదే సమయంలో వాళ్ల అక్క కితకితలు పెట్టడంతో గట్టిగా నవ్వాడు, ఆ నవ్వులోనే పొలమారింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, ముఖం ఎర్రబడి పెదవులు నీలంగా మారాయి. మా అమ్మ మాడు మీద తట్టి, నోట్లో వేలు పెట్టి ఒకటి రెండు ముక్కలు బయటకు తీసింది. కాసేపు ఏడ్చి సర్దుకున్నాడు. ఆ సాయంత్రం అన్నం తిన్నాడు, ఎప్పటిలాగే ఆడుకున్నాడు. గండం గడిచిందని మేమంతా అనుకున్నాం.

మరునాటి నుంచి రాత్రిపూట దగ్గు మొదలైంది. ఛాతీకి చెవి ఆనించి వింటే సన్నగా పిల్లికూత వినబడుతోంది. దగ్గరలోని వైద్యుడు ఎక్స్‌రే తీయించి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని చెప్పి, దగ్గు మందు, నెబ్యులైజరు రాశారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. ఆ తరువాత అనంతపురంలో పిల్లల వైద్యురాలికి చూపించాం. ఆమె జరిగిన సంగతంతా ఓపికగా అడిగి తెలుసుకుని, స్టెతస్కోపుతో రెండు వైపులా చాలాసేపు విని, కుడి వైపు గాలి తక్కువగా వెళ్తోందని, బ్రాంకోస్కోపీ (నోటి ద్వారా గొట్టం పంపి శ్వాసనాళంలో చూడడం) సౌకర్యమున్న పెద్ద ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లమని చెప్పారు.

ఇంట్లో దీనిపై ఏకాభిప్రాయం లేదు. గింజ కడుపులోకి వెళ్లిపోయి ఉంటుందని, అందుకే అరటిపండు తినిపించామని, పసివాడికి మత్తు ఇప్పించడమేమిటని మా అత్తగారు అంటున్నారు. ఎక్స్‌రేలో లేనిదాన్ని గొట్టం వేసి వెతకడమెందుకు? ఒకవేళ గింజ ఉన్నా, అది దగ్గులో బయటపడడం గాని, తడికి మెత్తబడి కరిగిపోవడం గాని జరగదా? ఇంత చిన్న పిల్లవాడికి మత్తు ఎంతవరకు సురక్షితం? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: ఈఎన్‌టీ సర్జన్, కర్నూలు

మీ అబ్బాయిని చూడకుండా రోగ నిర్ధారణ చేయలేను. కానీ మీరు రాసిన మూడు విషయాలు, అంటే నోట్లో గింజలున్నప్పుడు పెదవులు నీలంగా మారేంతగా పొలమారడం, ఆ తరువాత కొత్తగా పిల్లికూత మొదలవడం, ఒక వైపు గాలి తగ్గడం, ఈ మూడూ ఒకే పిల్లవాడిలో కనిపిస్తే శ్వాసనాళంలో ఏదో ఉందనే భావించి ముందుకు వెళ్లాలి. అనంతపురం వైద్యురాలు సరైన సలహా ఇచ్చారు.

ముందుగా ఎక్స్‌రే సంగతి. ఎక్స్‌రేలో నాణెం, మేకు, పిన్నీసు వంటి లోహపు వస్తువులు స్పష్టంగా కనబడతాయి. వేరుశెనగ గింజ, శనగ, సీతాఫలం గింజ, కొబ్బరి ముక్క, ప్లాస్టిక్ ఈల ముక్క దాదాపుగా కనబడవు. వాటి వల్ల ఊపిరితిత్తిలో వచ్చే మార్పు మాత్రమే కనబడుతుంది, అది కూడా అందరిలోనూ, మొదటి రోజునే రాదు. రైతు కుటుంబం కనుక మీకు బావి మోటారు ఫుట్‌వాల్వు తెలిసే ఉంటుంది. నీటిని ఒక దిక్కుకే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. గొట్టాన్ని సగం మూసిన గింజ కూడా గాలి విషయంలో అదే పని చేస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు శ్వాసనాళం కొద్దిగా వెడల్పవుతుంది కనుక గాలి గింజ పక్క నుంచి లోపలికి పోతుంది, వదిలినప్పుడు నాళం సన్నబడి ఆ గాలి లోపలే నిలిచిపోతుంది. దాంతో ఆ వైపు ఊపిరితిత్తి ఉబ్బి, గుండెను రెండో వైపుకు నెడుతుంది. ఇది ఊపిరి వదిలిన క్షణంలో తీసిన ఎక్స్‌రేలో బాగా తెలుస్తుంది. పీల్చినప్పుడు తీసిన ఫిల్ము మామూలుగానే ఉండవచ్చు. రెండేళ్ల పిల్లవాడిని ఊపిరి వదిలి అలాగే ఉండమని చెప్పలేం కనుక, పక్కకు తిప్పి పడుకోబెట్టి తీసే పద్ధతి ఒకటి ఉంది, కానీ దానినీ పూర్తిగా నమ్మలేం. అందువల్ల ఈ విషయంలో ఎక్స్‌రే కన్నా ఇంట్లోవాళ్లు చెప్పే సంగతికే మేము ఎక్కువ విలువ ఇస్తాం.

ఇక సర్దుకున్నాడన్న మాట. తల్లిదండ్రులతో పాటు కొన్నిసార్లు వైద్యులను కూడా తప్పుదారి పట్టించేది ఇదే. గింజ స్వరపేటిక దాటేటప్పుడు భయంకరమైన దగ్గు వస్తుంది. అది కిందికి జారి ఒక పక్క నాళంలో కుదురుకున్నాక, అక్కడి పొర ఆ స్పర్శకు అలవాటు పడి దగ్గు తగ్గిపోతుంది. పిల్లవాడు తింటాడు, ఆడతాడు. ఈ ప్రశాంత దశ కొన్ని గంటలు ఉండవచ్చు, వారాలూ ఉండవచ్చు. ఆ తరువాత జ్వరం, డొక్కలు ఎగరేయడం, ఒకే చోట మళ్లీ మళ్లీ వచ్చే న్యుమోనియా మొదలవుతాయి. ఆస్తమా అని నెలల తరబడి మందులు వాడి, చివరికి నాళంలో కుళ్లిన గింజతో వచ్చే పిల్లలను ఈ వృత్తిలో ఉన్నవారందరూ చూసే ఉంటారు. పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని మాడు మీద తట్టి మరిచిపోవడం మనకు తరతరాల అలవాటు. పెద్దవాళ్లకు నీళ్లు పొలమారినప్పుడు దానివల్ల నష్టమేమీ లేదు, కానీ నోట్లో గింజ ఉన్న పసివాడి విషయంలో ఆ నిశ్చింత పనికిరాదు.

వేరుశెనగ కరగదు. తడిని పీల్చుకుని ఉబ్బుతుంది. దానిలోని నూనె నాళపు పొరకు మంట పుట్టించి వాపు తెస్తుంది, కొన్ని రోజులకు నాళం గింజ చుట్టూ బిగుసుకుని, ముట్టుకుంటే రక్తం వచ్చే స్థితికి చేరుతుంది. నానిన గింజ పట్టుకారులో పొడిపొడిగా విరిగిపోతుంది కూడా. మొదటి రెండు మూడు రోజులలో ఒక్క ముక్కగా వచ్చేది, ఆలస్యమైన కొద్దీ అనేక ముక్కలుగా తీయవలసి వస్తుంది. దగ్గులో దానంతట అదే బయటపడడం అరుదు, దానికోసం ఎదురుచూడడం ప్రమాదకరం, ఎందుకంటే పైకి కదిలిన గింజ ప్రధాన శ్వాసనాళంలో అడ్డం పడితే రెండు ఊపిరితిత్తులకూ గాలి ఆగిపోతుంది. ఈ కారణంగానే ప్రయాణానికి ముందు వీపు మీద చరచడం, తలకిందులుగా పట్టుకోవడం, కఫం కదిలించే వ్యాయామాలు చేయించడం వంటివి చేయవద్దు. వాడిని ఏడిపించకుండా, వాడికి సౌకర్యంగా ఉన్న భంగిమలోనే ఒడిలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లండి.

అరటిపండు గురించి ఒక్క మాట. అది వెళ్లేది ఆహారనాళంలోకి, గింజ ఉన్నది శ్వాసనాళంలో. ఒక దారిలో వేసినది రెండో దారిలోని దానిని తోయలేదు. మత్తు ఇవ్వడానికి ముందు కడుపు ఖాళీగా ఉండాలి కనుక ఇటువంటి తిండి ఆలస్యానికి కూడా కారణమవుతుంది. సాధారణంగా అన్నం, పాలపొడి పాలు అయితే 6 గంటలు, తల్లిపాలు అయితే 4 గంటలు, మంచినీళ్లు అయితే 2 గంటలు ఆగుతారు. ఊపిరి ఆడని అత్యవసర స్థితిలో ఈ లెక్క చూడరు.

బ్రాంకోస్కోపీలో కోత ఉండదు. పూర్తి మత్తులో, నోటి ద్వారా, స్వరతంతువుల మధ్య నుంచి సన్నని ఉక్కు గొట్టాన్ని పంపి, దాని లోపలి నుంచే ఆక్సిజను ఇస్తూ, దానిలో అమర్చిన సన్నని టెలిస్కోపు సాయంతో చూస్తూ గింజను పట్టుకుంటారు. వేరుశెనగ గింజను నలపకుండా పట్టడానికని ప్రత్యేకంగా చేసిన పట్టుకారులే ఉన్నాయి, అంతగా ఈ గింజ మా పనిలో భాగమైపోయింది. 1897లో జర్మనీ వైద్యుడు గుస్తావ్ కిలియన్ ఒక రైతు శ్వాసనాళం నుంచి పంది ఎముక ముక్కను ఈ మార్గంలోనే తీశాడు. అంతకుముందు ఇటువంటివారికి మెడ దగ్గర కోయడమో, విధికి వదిలేయడమో తప్ప వేరే దారి ఉండేది కాదు.

మత్తులో ప్రమాదం లేదని చెప్పను. సర్జనూ, మత్తు వైద్యుడూ ఒకే సన్నని దారిని పంచుకుని చేసే పని ఇది, మధ్యలో ఆక్సిజను తగ్గవచ్చు, తరువాత స్వరపేటిక వాయవచ్చు. అందుకే పిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్నవారు, పిల్లల ఐసీయూ ఉన్న చోటునే ఎంచుకోమంటాం. కర్నూలు, తిరుపతి, బెంగళూరు మీకు అందుబాటులో ఉన్నాయి. ఆసుపత్రికి ముందుగా ఫోను చేసి, ఆ రోజు పిల్లలకు రిజిడ్ బ్రాంకోస్కోపీ (పైన చెప్పిన ఉక్కు గొట్టం పద్ధతి) చేసేవారు ఉన్నారో లేదో కనుక్కుని బయలుదేరండి. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉంటే వెంట తీసుకెళ్లి, ఆసుపత్రిలో ఆ పథకం చూసే సిబ్బందితో మాట్లాడండి.

కదిరి నాన్న

ధన్యవాదాలు డాక్టరు గారూ. మీ జవాబు ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఈ రాత్రికే బెంగళూరు బయలుదేరుతున్నాం. నోట్లో వేలు పెట్టి తీయడం మంచిదేనా అని మా అమ్మ అడగమంటోంది. అసలు ఆ క్షణంలో మేము ఏమి చేసి ఉండవలసింది?

జవాబు: 108లో పనిచేసిన టెక్నీషియన్

మీ అమ్మగారి వేలికి ముక్కలు అందడం అదృష్టం. వస్తువు కంటికి స్పష్టంగా కనబడుతూ, తేలికగా పట్టుకోగలిగేలా ఉంటేనే వేలితో తీయాలి. కనబడని దానికోసం గుడ్డిగా వెతికితే, పైన ఉన్నది ఇంకా లోపలికి దిగి గాలి దారి పూర్తిగా మూసుకుపోవచ్చు.

అప్పుడు మొదట గమనించవలసింది పిల్లవాడి గొంతులో శబ్దం ఉందా లేదా అన్నది. గట్టిగా దగ్గుతున్నా, ఏడుస్తున్నా, మాట్లాడుతున్నా గాలి ఆడుతోందని అర్థం. ఆ దగ్గుకు మించిన చికిత్స మన చేతిలో లేదు. పక్కనే కూర్చుని దగ్గనివ్వాలి, నీళ్లు పట్టకూడదు, అన్నం ముద్ద మింగించకూడదు. శబ్దం ఆగిపోయి, నోరు తెరిచినా ఏడుపు బయటకు రాక, రంగు మారుతుంటే అప్పుడు మనం చేయి చేసుకోవాలి. దగ్గర ఎవరైనా ఉంటే వారిని 108కు ఫోను చేయమని చెప్పి, మనం పని మొదలుపెట్టాలి.

ఏడాది నిండని శిశువును ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల ఛాతీ కన్నా కిందికి ఉండేలా, దవడను పట్టుకుని, రెండు భుజపుటెముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి, చనుమొనల గీతకు కొంచెం కింద, రొమ్ము ఎముక మీద 5 సార్లు నొక్కాలి. వస్తువు బయటపడేవరకు లేదా శిశువు స్పృహ కోల్పోయేవరకు ఈ రెండింటినీ ఒకదాని తరువాత ఒకటిగా చేస్తూనే ఉండాలి. శిశువుల పొట్ట మీద మాత్రం నొక్కకూడదు, కాలేయం చిట్లే ప్రమాదం ఉంది.

ఏడాది దాటిన పిల్లలకు ముందుకు వంచి వీపు మీద 5 దెబ్బలు, తరువాత వెనుక మోకాళ్ల మీద కూర్చుని చేతులు చుట్టి, బొడ్డుకు పైన, ఎదురు రొమ్ము ఎముకకు కింద పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు నెట్టడం. ఈ రెండోది 1974లో అమెరికా వైద్యుడు హెన్రీ హైమ్లిక్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఏడాది దాటిన పిల్లలకు పొట్ట మీద నెట్టడమొక్కటే చాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చాలాకాలం నేర్పింది. 2025 మార్గదర్శకాలలో ముందు వీపు దెబ్బలు, తరువాత పొట్ట నెట్టడం అని మార్చింది. యూరప్‌లో చాలాకాలంగా అలాగే నేర్పుతున్నారు. కాబట్టి పాత శిక్షణ పొందినవారు వేరుగా చెబితే గందరగోళపడవద్దు.

పిల్లవాడు స్పృహ తప్పి వాలిపోతే వెంటనే గట్టి నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి ఇవ్వడం) మొదలుపెట్టాలి: ఒక్కరే ఉంటే 30 నొక్కులకు 2 ఊపిరులు. ఊపిరి ఇచ్చే ముందు ప్రతిసారీ నోరు తెరిచి చూడాలి, వస్తువు కనబడితేనే తీయాలి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపడం మన పల్లెల్లో ఇప్పటికీ చూస్తుంటాను. మెడకు దెబ్బ తగలడం, చేయి జారడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు. పొట్ట నెట్టి వస్తువు బయటకు తీసిన పిల్లలను, ఆ తరువాత బాగానే కనబడినా, ఒకసారి వైద్యుడికి చూపించాలి.

జవాబు: నిజామాబాద్ అమ్మ

ఇక్కడ అందరూ భయపెట్టేలా రాస్తున్నారనిపించి ఈ మాట చెబుతున్నాను. మా పాప మూడేళ్ల వయసులో రూపాయి బిళ్ళ మింగింది. మేము కూడా భయపడి పరుగెత్తాం. ఎక్స్‌రే తీసి, బిళ్ళ కడుపులోకి దిగిపోయిందని, ఇంటికి వెళ్లి మామూలుగా తిండి పెట్టమని, మలంలో గమనించమని చెప్పారు. కొద్ది రోజులకు దానంతట అదే వచ్చేసింది. మత్తూ లేదు, గొట్టమూ లేదు. పిల్లలు మింగిన ప్రతిదానికీ పెద్ద ఆసుపత్రికి పోవలసిన అవసరం లేదని నా అభిప్రాయం.

జవాబు: ఈఎన్‌టీ సర్జన్, కర్నూలు

అమ్మా, మీ పాప విషయంలో జరిగినది సరైన వైద్యమే. ఆహారనాళంలోకి వెళ్లిన వస్తువులలో 80 నుంచి 90 శాతం కడుపు చేరి వాటంతట అవే బయటకు పోతాయి. నాణెం ఆహారనాళంలో చిక్కుకున్నా, పిల్లకు ఇబ్బంది లేకపోతే కొన్ని గంటలు ఆగి మళ్లీ ఎక్స్‌రే తీసి చూడవచ్చు. చొంగ కారుస్తున్నా, మింగలేకపోతున్నా, ఊపిరి ఇబ్బంది ఉన్నా ఆగరు. అయితే మీ నిశ్చింతకు ఆధారం ఎక్స్‌రే తీసి చూడడం. తీయకుండా నాణెమేనని నమ్మి ఇంట్లో కూర్చుని ఉంటే నేను ఒప్పుకునేవాడిని కాను, ఎందుకంటే నాణెం లాగే కనబడే వస్తువు ఇంకొకటి ఉంది.

2019లో వచ్చిన కొత్త రూపాయి బిళ్ళ వ్యాసం 20 మిల్లీమీటర్లు. సీఆర్2032 అనే గుండ్రని లిథియం బ్యాటరీ వ్యాసమూ సరిగ్గా 20 మిల్లీమీటర్లే. కారు తాళం, వంటింటి తూకం, కొన్ని రిమోట్లు, దీపావళికి కొనే బ్యాటరీ దీపాలు, వీటన్నిటిలో ఇటువంటి బిళ్ళలుంటాయి. ఎక్స్‌రేలో రెండూ తెల్లని గుండ్రని మచ్చలే. జాగ్రత్తగా చూస్తే బ్యాటరీకి అంచు లోపల ఇంకొక వలయం, పక్క నుంచి తీసిన ఫిల్ములో మెట్టు వంటి అంచు కనబడతాయి. చూసేవారికి ఆ అనుమానం ముందే ఉండాలి.

బ్యాటరీ ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు ధ్రువాల మధ్య తడి పొర గుండా విద్యుత్తు ప్రవహించి, ఋణ ధ్రువం వైపు గాఢమైన క్షారం తయారవుతుంది. బ్యాటరీ పగిలి మందు కారవలసిన పనే లేదు. 2 గంటలలోనే తీవ్రమైన కాలిన గాయం ఏర్పడుతుంది. వస్తువును నడపలేనంతగా వాడేసిన బ్యాటరీలో కూడా ఈ నష్టానికి చాలినంత శక్తి మిగిలి ఉంటుంది. తీసేసిన తరువాత కూడా కొన్ని రోజులకు, ఒక్కోసారి వారాలకు, శ్వాసనాళానికో పెద్ద రక్తనాళానికో రంధ్రం పడి ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. వస్తువుల్లో బ్యాటరీ ఉంచే అర తేలికగా తెరుచుకోకూడదనే నిబంధనను ఆస్ట్రేలియా 2022లో అమలులోకి తెచ్చింది, అదే ఏడాది అమెరికా కూడా చట్టం చేసింది.

బ్యాటరీ మింగాడని తెలిసినా, అనుమానం ఉన్నా, అర్ధరాత్రయినా అప్పుడే బయలుదేరాలి. వాంతి చేయించకూడదు. ఏడాది దాటి, మింగగలుగుతున్న పిల్లలకు, మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో 10 నిమిషాలకొకసారి 2 చెంచాల తేనె చొప్పున 6 సార్ల వరకు ఇవ్వవచ్చు. అది క్షారం దెబ్బను కొంత తగ్గిస్తుంది. తేనె కోసం వెతుకుతూ ఇంట్లో ఆగిపోకూడదు, ఏడాది లోపు శిశువుకు తేనె ఇవ్వనే కూడదు. ఒకటికి మించి అయస్కాంతాలు మింగిన పిల్లలదీ అత్యవసరమే: వేరు వేరు పేగుల నుంచి ఒకదానినొకటి లాక్కుని, మధ్యలోని పేగు గోడను చిదిమేస్తాయి. నీళ్లలో ఉబ్బే రంగురంగుల జెల్లీ పూసలు పేగులో పెద్దవై అడ్డం పడతాయి, అవి ఎక్స్‌రేకు దొరకవు.

జవాబు: సందేహి

సర్జన్లు స్కోపు వేయమనే చెబుతారు, అది వారి జీవనం. ఇప్పుడు సీటీ స్కానులో అన్నీ తెలుస్తున్నప్పుడు, మత్తు ఇచ్చి గొట్టం వేసి లోపల ఏమీ లేదని తేలితే ఆ తల్లిదండ్రులకు ఎవరు జవాబు చెప్పాలి?

జవాబు: పిల్లల వైద్యుడు, వరంగల్

సందేహి గారి ప్రశ్నలో న్యాయం ఉంది, అనుమానంతో చేసిన బ్రాంకోస్కోపీలలో కొన్నింటిలో ఏమీ దొరకదు. సీటీ కూడా నిజంగానే ఉపయోగకరమైన పరీక్ష. పొలమారడం ఎవరూ చూడలేదు, ఛాతీలో శబ్దాలు స్పష్టంగా లేవు, పిల్లవాడు స్థిమితంగా ఉన్నాడు అన్నప్పుడు మేమూ ముందు సీటీనే తీయిస్తాం. అందులో ఏమీ లేకపోతే చాలామందికి మత్తు తప్పుతుంది.

ఈ బాబు సంగతి వేరు. చూసినవారున్నారు, నోట్లో గింజలుండడం చూశారు, ఒక వైపు గాలి తగ్గింది. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు సీటీ తీసినా తరువాతి అడుగు మారదు. పైగా కదలకుండా ఉంచడానికి వాడికి నిద్రమందు ఇవ్వవలసి రావచ్చు, కఫం గడ్డ గింజలాగా కనబడవచ్చు, సమయం పోతుంది. అనుభవమున్న చోట ఏమీ దొరకని బ్రాంకోస్కోపీ తరువాత పిల్లవాడు సాధారణంగా మరునాటికి ఇంటికి వెళ్తాడు. వదిలేసిన గింజ వల్ల ఊపిరితిత్తిలో ఒక భాగం శాశ్వతంగా దెబ్బతిని, దానిని కోసి తీయవలసి రావచ్చు. ఈ రెండింటిలో ఏ పొరపాటు వైపు మొగ్గాలో తండ్రిగా ఆయన నిర్ణయించుకోవాలి, నేనైతే మొదటి దానివైపే మొగ్గుతాను.

కదిరి నాన్న

అందరికీ నమస్కారం. కుడి వైపు నాళంలో సగం గింజ దొరికింది, పొట్టుతో సహా తీశారు. అప్పటికే చుట్టూ వాపు మొదలైందని చెప్పారు. ఒక రాత్రి ఐసీయూలో ఉంచి, గొంతు వాపు తగ్గిందని చూసుకుని పంపించారు. పిల్లికూత పోయింది. మాది ఏడాదికి సగం రోజులు కాయలు, గింజలు నేల మీద పడి ఉండే ఇల్లు. అసలు వేరుశెనగే పెట్టకూడదా, పెట్టవచ్చంటే ఏ వయసు నుంచి?

జవాబు: అంగన్‌వాడీ పర్యవేక్షకురాలు, చిత్తూరు జిల్లా

బాబు కోలుకున్నందుకు చాలా సంతోషం. వేరుశెనగను మానిపించవద్దు, మన ప్రాంతపు పిల్లలకు చవకగా దొరికే మంచి పోషకం అదే. గింజగా పెట్టడమే ప్రమాదం. వేయించి మెత్తగా పొడి చేసి అన్నంలో నెయ్యితో కలపవచ్చు, చట్నీలో, రాగి జావలో వేయవచ్చు. ముద్దగా చేసినదాన్ని మాత్రం చెంచాతో ఉత్తగా పెట్టకండి, అది అంగిట్లో అతుక్కుంటుంది. పలుచగా చేయాలి.

గింజలను విడిగా ఇవ్వడానికి కనీసం నాలుగేళ్లు ఆగాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతుంది, బ్రిటన్‌లో అయిదేళ్లు అంటారు. మీ బాబు వయసు పిల్లలకు ముందు పళ్లు వచ్చి కొరకగలుగుతారు గాని, నమిలి పిండి చేసే దవడ పళ్లు ఇంకా పూర్తిగా రావు. అందువల్ల కొరికిన సగం గింజ అలాగే గొంతు దగ్గర తిరుగుతుంటుంది. నేను గృహ సందర్శనలకు వెళ్లినప్పుడు తల్లులు వేరుశెనగ పేరు చెప్పగానే జాగ్రత్తపడతారు, కానీ పులిహోరలో, ఉప్మాలో పోపుకు వేసిన పల్లీలూ శనగపప్పూ గుర్తుకు రావు. చిన్నవాడికి పెట్టే ముందు వాటిని ఏరివేయాలి, లేదా వాడి వాటా పోపు లేకుండా ముందే తీసి ఉంచాలి. బడిలో పెద్దపిల్లకు ఇచ్చిన పల్లీ చిక్కీ సాయంత్రానికి తమ్ముడి నోట్లోకి చేరుతుంది, కాబట్టి మీ అమ్మాయికి ఈ సంగతి అర్థమయ్యేలా చెప్పండి, తిట్టకుండా చెప్పండి. కితకితలు పెట్టినందుకు తనవల్లే జరిగిందని ఆ పిల్ల మనసులో ఉండిపోతుంది. సీతాఫలం కాలంలో గింజలు తీసిన గుజ్జు మాత్రమే పెట్టాలి. ద్రాక్షను అడ్డంగా కాక నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. చింతపండు కొట్టే రోజుల్లో చింతపిక్కలు, మెడలో తెగిన పూసలు, పిన్నీసులు, ఊదకుండా వదిలేసిన బెలూన్లు, పగిలిన బెలూను ముక్కలు కూడా చూసుకోవాలి. బెలూను రబ్బరు గొంతుకు అతుక్కుంటే వీపు మీద చరిచినా తేలికగా ఊడిరాదు.

బొమ్మలు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు అది తప్పనిసరి. అయినా జాతరలో అమ్మే లైట్ల బొమ్మల మీద అది కనబడదు; వాటి బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో కొనేముందే తిప్పి చూడండి, లేకపోతే కొనకండి.

కాయలు ఒలిచే చోటుకు ఒక ఏర్పాటు చేసుకోండి. నడిచే పిల్లలున్న ఇళ్లలో ఆ పనిని మిద్దె మీదకో, తలుపు వేసుకోగలిగే గదికో మార్చి, ముగిశాక మూలలు, మంచం కిందా ఊడ్చి, గోనెసంచి మూతి కట్టిన తరువాతే పిల్లలను ఆ గదిలోకి రానివ్వమని మా కేంద్రాల తల్లులకు చెబుతుంటాను. తినేటప్పుడు కూర్చోబెట్టి తినిపించండి, పరుగెత్తించి ముద్దలు పెట్టవద్దు, నోట్లో ముద్ద ఉండగా నవ్వించవద్దు. మీ అమ్మగారినీ అత్తగారినీ దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి, అక్కడి సిబ్బందిని అడిగి వీపు దెబ్బలు ఎలా వేయాలో ఒక బొమ్మ మీద చేయించి చూపించండి, ఎందుకంటే పగటిపూట బాబు ఉండేది వారి దగ్గరే.